అద్దె ఇంట్లో అక్షరాలు

కంప్యూటరులో కొత్త సాధనం ఏది వచ్చిందని విన్నా, దాన్ని ఒకసారి కెలికి చూసేదాకా నాకు నిద్రపట్టదు. మా శ్రీమతి దీన్ని జబ్బుల జాబితాలో చేర్చి, మందు లేదని కూడా ఏనాడో తేల్చేసింది. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం ఉంటూ ఈ జబ్బు తగలకుండా తప్పించుకోవడం ఎవరి తరం? తలెత్తితే కంప్యూటరు కోర్సుల బోర్డు, తలదించితే ఎవరో చేతిలో పెట్టిపోయిన కరపత్రం. నెల రోజుల్లో నేర్పుతామని ఒకరు, పదిహేను రోజులు చాలునని వారి పక్కింటివారు.

నేను చేసే ప్రయోగాలలో ఎక్కువభాగం ఎవరికీ పనికివచ్చేవి కావు. బ్లాగుకు రంగు మార్చడం, ఒకచోట రాసింది నాలుగుచోట్ల దానంతట అదే కనబడేటట్టు చేయడం, అటువంటివి. మొన్న ఒకటి మాత్రం ఒక ఇంటికి పనికివచ్చింది. ఈ వారం దాన్ని గురించే.

బ్లాగు అంటే మరేమీ లేదు. మన డైరీని వీధి అరుగు మీద తెరిచిపెట్టి, దారినపోయేవారు చదివి కింద నాలుగు మాటలు రాసిపోవడానికి వీలుగా పక్కనే పెన్సిలు కూడా ఉంచడం. 1999లో బ్లాగరు అనే ఉచిత సాధనం వచ్చిన తరువాత ఇంగ్లీషువారికి ఇది నల్లేరుమీద బండి అయింది. మనకు అప్పుడే కాలేదు. ఎందుకంటే మన అక్షరాల సంగతి వేరు. ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం రాస్తాం మనం. యంత్రం దాన్ని ఆరు ముక్కలుగా లెక్కపెడుతుంది: సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు, రకారం, చివర గుడిదీర్ఘం. ఈ ముక్కలకు ప్రపంచమంతా ఒప్పుకున్న అంకెలు యూనికోడు అనే పట్టికలో ఉన్నాయి. 1991లో వెలువడిన మొదటి పట్టికలోనే మన భాషకు 128 గళ్ళు కేటాయించారు. కాని పట్టికలో చోటు దొరకడం వేరు, ఇంట్లో తెర మీద అక్షరం నిలబడడం వేరు. చాలాకాలం పత్రికకో ఫాంటు నడిచింది. వారి ఫాంటు మన దగ్గర లేకపోతే వారి తెలుగు మనకు పిచ్చిగీతలే.

ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఉపాయం మాత్రం 1990ల మొదట్లోనే పుట్టింది, అదీ అమెరికాలో. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న మనవాళ్ళు దాన్ని ఏర్పరచుకున్నారు. అందుకే దానికి రైస్ పద్ధతి అని పేరు. బియ్యానికీ దానికీ సంబంధం లేదు సుమండీ. ఆ దారిలోనే 2006లో వీవెన్ గారు ‘లేఖిని’ తయారుచేశారు. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో ‘అమ్మ’ అని కొడితే, కింది పెట్టెలో తెలుగు అమ్మ ప్రత్యక్షం. కాపీ చేసుకుని బ్లాగులో అతికించుకోవడమే. తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపే ‘కూడలి’ కూడా ఆయన ఏర్పాటే. ఈ రెండూ లేకపోతే ఎన్ని ఇళ్ళలో ఎందరు కలం పట్టేవారు కాదో!

అలా పట్టినవారిలో మా చిన్నాయన ఒకరు. పెన్షను పుచ్చుకున్న లెక్కల మేష్టారు, ఎల్‌.బి.నగర్‌లో ఇల్లు. 2008లో బ్లాగు మొదలుపెట్టారు. రాత ఆయనది, సరుకంతా మా చిన్నమ్మది. ఆమె వంటింట్లోంచి చెబుతుంటే ఆయన ఒక్క వేలితో కొట్టేవారు. సంక్రాంతి సకినాలకు బియ్యప్పిండి ఎంత తడిగా ఉండాలి, పచ్చిపులుసులో ఉల్లిపాయ ఎప్పుడు పిసకాలి, సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో బతుకమ్మకు ఏ పువ్వు ఏ వరసలో పేర్చేవారు, ఇవన్నీ. మధ్యమధ్య లెక్కల మేష్టారి చమత్కారం ఒకటి తొంగిచూసేది.

2021లో చిన్నాయన పోయారు. బ్లాగు పాస్‌వర్డు ఆయనతోనే పోయింది.

బ్లాగు కనబడుతూనే ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మొన్న డాలస్‌నుంచి మనవరాలు ఫోన్ చేసి, “నానమ్మా, తాతయ్య ఫొటోలు పోయాయి, గళ్ళు మాత్రమే ఉన్నాయి” అన్నది. చిన్నమ్మ నాకు కబురు పెట్టింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, మూడవది ఎల్‌.బి.నగర్. వెళ్ళి చూద్దును గదా, రాతలు ఒకరి ఇంట్లో, ఫొటోలు మరొకరి ఇంట్లో పెట్టారు చిన్నాయన. ఫొటోల సంస్థవారు దుకాణం మూసుకున్నారు. రాతల సంస్థవారు, ఖాతా ఎవరిదో రుజువు కోసం ఒక అంకె పంపుతామన్నారు. ఎక్కడికి? చిన్నాయన ఫోనుకు. ఆ నంబరు ఆయన పోయిన ఏడాదే రద్దయింది. మరణ ధ్రువపత్రం పంపమన్నారు. పంపాం. పరిశీలిస్తున్నామన్నారు. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

నాకు అక్కడే భయం పట్టుకుంది. ఈ వీధిలో ఇళ్ళు మూతపడడం కొత్తకాదు. లక్షలాదిమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూసేశారు. రోజూ బ్లాగులు చదువుకోవడానికి నాకెంతో ఇష్టమైన గూగుల్ రీడరు 2013 జూలైలో పోయింది. కాలేజీ పిల్లలు పొద్దస్తమానం వేలాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరుతో సరి. గూగుల్ ప్లస్ 2019లో. సంస్థ బతికి ఉన్నా ఖాతా బతకాలని లేదు. రెండేళ్ళు ఎవరూ తాకని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునని 2023 మేలో గూగుల్‌వారు ప్రకటించి, ఆ డిసెంబరునుంచి అమలు మొదలుపెట్టారు. చిన్నాయన బ్లాగు వేరొకరిది. వారి నిబంధనలు రెండుసార్లు చదివినా నాకు ధైర్యం కలగలేదు. దబాయించడానికీ లేదు, పైసా అద్దె తీసుకోని ఇల్లు మరి!

తాళంచెవి లేదు, నిజమే. కాని బ్లాగు వీధివైపు తెరిచే ఉంది కదా! ప్రతి బ్లాగుకూ ఫీడు అని ఒకటి ఉంటుంది. కొత్త రాత పడిందని ఇతర సాధనాలకు కబురు చెప్పే దూత అన్నమాట. కూడలి వంటివి నడిచింది ఆ దూతల మీదనే. దాని తోక పట్టుకుని వెనక్కు లాగితే పాత రాతలు తేదీలతో సహా ఒకటొకటే వచ్చాయి. అదృష్టం ఏమంటే చిన్నాయన రాసింది యూనికోడులో. ఒక్క వత్తు కూడా చెదరలేదు.

ఫొటోలు అంత సులువుగా దొరకలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అని అమెరికాలో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 1996నుంచి వెబ్ పేజీలను అప్పుడప్పుడూ నకలు తీసి దాస్తున్నది. 2001నుంచి ఆ నకళ్ళు ఎవరైనా చూడవచ్చు. మన పేజీ విలాసం ఇస్తే, ఏ ఏ తేదీలలో నకలు తీశారో క్యాలెండరు చూపిస్తుంది. చిన్నాయన బ్లాగు 2011లో ఒకసారి, 2014లో ఒకసారి వారి కంటపడింది. సకినాలు చుడుతున్న చిన్నమ్మ చేతుల ఫొటో దొరికింది. బతుకమ్మ ఫొటోలు ఒక్కటీ దొరకలేదు. ఆ పువ్వుల వరస ఇక మాటల్లోనే.

అసలైన నిధి నేను వెతకనిచోట కనబడింది. సర్వపిండి మీద రాసిన దాని కింద, మా ఖమ్మం వైపు దీన్ని తపాలచెక్క అంటామని ఆస్ట్రేలియానుంచి ఒకావిడ అన్నారు. పేరేదైనా చిల్లులు పెట్టడం మరిచిపోవద్దని చిన్నాయన జవాబు. వారిద్దరి వాదన పద్ధెనిమిది కామెంట్లు సాగింది. చివరికి ఆవిడ, మీ ఇంటావిడను అడిగి చెప్పండి అన్నారు. “అడిగాను. ఆమె చెప్పిందే రైటు. మా ఇంట్లో ఈ లెక్క ఎప్పుడూ మారదు” అని రాశారు చిన్నాయన. ఇది నేను చదివి వినిపిస్తే చిన్నమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అది ఆమె అంతకుముందు విననేలేదు.

అన్నీ కూర్చి పి.డి.ఎఫ్. చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు మొదట్లో ఉన్న జిరాక్సు కొట్టుకు పట్టుకెళ్ళాను. బయోడేటాలు, ప్రాజెక్టు రిపోర్టులు తప్ప మరొకటి చూడని ఆ కుర్రవాడు, అచ్చవుతున్న కాగితాలను ఒక్కొక్కటే చదువుతూ నిలబడిపోయాడు. వెనక వరస పెరుగుతున్నది. మూడు ప్రతులు కుట్టించాం. ఒకటి డాలస్ వెళ్ళింది.

ఇంట్లో ఇలా రాసే పెద్దలున్న పాఠకులకు ఒక కబురు. గూగుల్ ఖాతాల్లో 2013నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఖాతా ఇన్ని నెలలు కదలకపోతే ఫలానావారికి తెలియజేయండి, వారు కోరితే ఇవి ఇవ్వండి అని ముందుగానే రాసిపెట్టవచ్చు. పదిమంది పేర్లదాకా ఇవ్వవచ్చు. ఒకరకంగా వీలునామా. పెద్దవాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తడానికి మొహమాటం వేస్తుంది. పక్కన కూర్చుని, ముందు మన ఖాతాకు చేసుకుంటూ వారికి చూపిస్తే తేలిక. మా నాన్నగారి దగ్గర నేను అలాగే పని జరిపించాను.

చిన్నమ్మకు ఇప్పుడు సొంత ఖాతా ఉంది, సొంత బ్లాగు ఉంది. పాస్‌వర్డు బియ్యం డబ్బా మూత లోపల అంటించింది. ఆ మాట అచ్చు వేయించడానికి అనుమతి కూడా ఇచ్చింది, డబ్బాలు ఏడున్నాయి గనుక. వేలితో కొట్టడం ఆమె వల్ల కాదు. 2017నుంచి ఫోను తెలుగు మాట విని తెలుగులో రాస్తున్నది కదా, ఆ పద్ధతి నేర్పాను. మొదటి రోజు సకినాల గురించి చెప్పింది. ఫోను దాన్ని ‘శకునాలు’ అని విన్నది. శకునాలు నూనెలో ఎర్రగా వేగనిచ్చి తీయాలి అని అచ్చంగా రాసిపెట్టింది. నేను దిద్దబోతే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

“అట్లనే ఉండనియ్యి కొడుకా. మీ చిన్నాయన ఉంటే దీనికింద ఏదో ఒకటి రాసెటోడు.”