ఆడవాళ్ళ నడుం నొప్పి

"పిల్లల్ని కన్న ఒళ్ళు, నడుం నొప్పి రాదా మరి!" ఈ మాట వినని ఇల్లాలు ఉండదేమో. ఈ మాటే మనల్ని డాక్టరు దాకా వెళ్ళనివ్వదు.

వెన్నెముక కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావండీ. అరుగుదల వల్ల వచ్చేది సాధారణంగా పని చేస్తే పెరుగుతుంది, కాసేపు నడుం వాలిస్తే తగ్గుతుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి వాపు జబ్బు దీనికి తిరకాసు. పడుకుంటే పెరుగుతుంది, అటూ ఇటూ తిరిగితే తగ్గుతుంది. ఎక్కువగా 45 ఏళ్ళలోపే మొదలవుతుంది. పొద్దున లేవగానే నడుం అరగంటకు పైగా బిగుసుకుపోతూ, 3 నెలలైనా వదలకపోతే రుమటాలజిస్టుకు చూపించుకోవాల్సిందే.

ఇంటి చాకిరీ వ్యాయామం కాదు. వెన్ను సాగదీసే కసరత్తు వేరు. ఇంట్లో అందరి మందుల వేళలూ గుర్తుపెట్టుకునే మనం, మన నడుముకో అరగంట ఇచ్చుకోలేమా?