టైమ్ మెషిన్‌ను వదిలేయండి, పాముకాటును పట్టించుకోండి

సంపాదకులకు,



‘ఆదిత్య 369’ సినిమాను టీవీలో మళ్లీ మళ్లీ వేయడం దండగనీ, కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం శాస్త్రవిరుద్ధమనీ, ఇలాంటివి చూసి పిల్లల బుర్రలు పాడవుతాయనీ మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. శాస్త్రం వరకు ఆయన మాట కాదనను. కావాలంటే ఇంకో లోపం నేనే అందిస్తాను. భూమి సూర్యుడి చుట్టూ గంటకు లక్ష కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతోంది. ఉన్నచోటే ఉండి ఒక్క గంట వెనక్కి వెళ్లిన యంత్రం కింద నేల ఉండదు, శూన్యమే ఉంటుంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారి యంత్రం ఏకంగా నాలుగున్నర శతాబ్దాలు దాటి 1526లో కృష్ణదేవరాయల రాజ్యంలో భద్రంగా దిగింది. 1991లో జనం హాయిగా చూశారు. నేనూ చూశాను.

చూసినవాళ్లు అమాయకులని కాదు. మంచి కథ మొదట్లోనే ఒక్క అబద్ధానికి మన ఒప్పుదల అడుగుతుంది. ఇచ్చాక ఆ ఒక్కదానితోనే సరిపెట్టుకుంటుంది. ‘మాయాబజార్’లో సత్యపీఠం ఎక్కినవాడు నిజమే చెబుతాడని ముందే చూపించారు. చివర్లో శకుని దాని మీద నిలబడి గుట్టంతా కక్కేస్తే, అదెలా సాధ్యమని ఎవరైనా లేచి అడిగారా? ‘ఈగ’లో చచ్చిన కుర్రాడు ఈగగా పుట్టాడంటే సరేనన్నాం. ఎందుకంటే ఆ ఈగ చివరిదాకా ఈగలాగే ఉంది. శత్రువుకు నిద్ర లేకుండా చేసింది గానీ వాడిని గాల్లోకి ఎత్తి విసిరేయలేదు. ఎనభైలలో దూరదర్శన్ చూపిన ‘స్టార్ ట్రెక్’లో మనుషులు ఒకచోట మాయమై మరోచోట తేలేవారు. వారం వారం ఓడను కొత్త గ్రహం మీద దింపి చూపించడానికి డబ్బు చాలక కనిపెట్టిన ఉపాయం అది. ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిన అబద్ధమే అయినా కథ దానికి కట్టుబడి ఉంది కాబట్టి లోకమంతా నమ్మింది.

పిల్లల సంగతి అంటారా, 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే టీవీల ముందు కూర్చున్నది ఈ పిల్లలే. శ్రీహరికోట నుంచి బయల్దేరి చంద్రుడి నేల తాకడానికి నలభై రోజులు పట్టిందని వాళ్లకు తెలుసు. మరుసటి ఏడు ‘కల్కి 2898 ఏడీ’ కూడా వాళ్లే చూశారు. ఏది కథో ఏది ఇస్రోనో తేల్చుకోలేక తికమకపడిన పిల్లవాడు నాకింతవరకు తగల్లేదు.

నా లెక్క వేరు. అబద్ధం మన బతుకుకు ఎంత దూరంగా ఉంటే అంత చెల్లుతుంది. దగ్గరకొచ్చేకొద్దీ చెల్లదు. రేపెవరైనా అదే యంత్రాన్ని మా కొండవీటి కోట మీద, 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని గెలుచుకున్న రోజున దింపుతూ సీరియల్ తీశారనుకోండి. యంత్రం ఎలా నడిచిందని అడగను. కానీ కోట వంటశాలలో ఎర్రటి మిరపకాయలు దంచుతూ చూపిస్తే టీవీ కట్టేస్తాను. మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. ఆనాటి కారం ఎక్కువగా మిరియాలదే. ఇక్కడ పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడు మీద చాటువులు చెప్పాడంటారు గానీ, మహానుభావుడు మిరపకాయ రుచి ఎరగకుండానే పోయాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల చేలన్నీ మిరపే కాబట్టి మా కళ్లకు ఆ తప్పు ముందు కనిపిస్తుంది.

అయినా మిరపకాయ తప్పుకు ప్రాణాలేమీ పోవు. పోయే తప్పులు సైన్స్ ఫిక్షన్‌లో కాదు, రాత్రి ఇంటిల్లిపాదీ చూసే కుటుంబ సీరియళ్లలో ఉన్నాయి. తలకు దెబ్బ తగిలితే గతం మరుపు, ఇంకో దెబ్బకు మళ్లీ గుర్తు. గుండె పూర్తిగా ఆగి తెర మీద గీత చదునైపోయాక డాక్టరు కరెంటు షాకు ఇస్తాడు, రోగి కళ్లు తెరుస్తాడు. ఆ చదును గీతకు షాకు పనిచేయదు, ఛాతీ నొక్కుతూ ఉండాలి. అన్నిటికంటే ఘోరం పాముకాటు. కథానాయిక కాలికి చీర చెంగు చింపి బిగించి కడతారు, కథానాయకుడు నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడు, మరుసటి దృశ్యంలో ఆమె లేచి కూర్చుంటుంది. టైమ్ మెషిన్ చూసిన ఏ రైతూ దాన్ని చేలో కట్టబోడు. ఇది చూసిన రైతు మాత్రం రేపు చేలో ఇదే చేస్తాడు.

మిరప, పత్తి చేలల్లో రక్తపింజరి, నాగుపాము, కట్లపాము మాకు కొత్తవి కావు. కట్లపాము కాటుకైతే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. బిగించి కట్టిన కట్టు కాలికే ముప్పు తెస్తుంది. నోటితో పీల్చితే విషం బయటికి రాదు. మందు ఆసుపత్రిలోనే ఉంది. కట్టుతో, పీల్చుడుతో పోయిన ప్రతి నిమిషమూ ఆ మందుకు ఆలస్యమే.

సిగరెట్టు కనపడగానే తెర కింద హెచ్చరిక వేస్తున్నారు కదా. పాముకాటు దృశ్యం వచ్చినప్పుడూ ఒక్క వాక్యం వేయమని ఛానళ్లవారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ వాక్యం నేనే రాసిస్తాను: ‘కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోరు పెట్టవద్దు, కాటు పడ్డ అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి.’

ఇట్లు,
ఒక మిరప రైతు,
కొండవీడు, పల్నాడు జిల్లా