మన స్లాబుల్లో ఉప్పు పోసిందెవరు?

కోస్తా దళితవాడల్లో పాత కాలనీ ఇళ్లలోకెళ్లి తల పైకెత్తి చూడండి. పెచ్చులూడి తుప్పు చువ్వలు పక్కటెముకల్లా కనపడతాయి. 'మీకు ఇల్లు కాపాడుకోవడం చేతకాదు' అంటారు ఊళ్లో పెద్దలు. పచ్చి అబద్ధం!

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి లోపల్నించే కాంక్రీటుని పగలదీస్తుంది. ఉప్పుగాలి ఎలాగూ ఉంది, దానికి తోడు ఉప్పు ఇసక, ఉప్పు నీళ్లు. చువ్వలు వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదని ఐ.ఎస్. 456 నిబంధన. ట్యాంకరు ఖర్చు మిగుల్చుకునే కాంట్రాక్టరు పక్కనున్న ఉప్పుబావిలోంచే తోడిస్తాడు. (తాగడానికే మంచినీళ్లు లేని వాడలో స్లాబుకి ఎవడు పోస్తాడు!) తాపీమేస్త్రీ మనోడే. వద్దన్నా కూలోడి మాట ఎవరు విన్నారు?

పెచ్చు మీద సిమెంటు మెత్తి సున్నం కొడితే మరమ్మతు కాదు, ముసుగు. ముందు స్లాబు కింద సపోర్టు కర్రలు నిలబెట్టండి, అవి లేకుండా సుత్తి ఎత్తొద్దు. గుల్లబారిందంతా చువ్వ వెనకదాకా చెక్కెయ్యాలి. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకాలి. చువ్వ సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి. ఒకటికి మూడు, ఏటి ఇసకతో, మంచినీళ్లతో మాలు కలిపి గట్టిగా కూరి వారం తడపాలి.

ఈ ఖర్చు మన కూలి డబ్బుల్లోంచి ఎందుకు పోవాలి? వానలకి ముందే చువ్వ బయటపడ్డ ఇళ్లన్నీ లెక్క రాయండి. హౌసింగ్ ఇంజనీరుని వాడకి రప్పించి ఆ చువ్వలు చూపించండి. ఇసక, నీళ్లు, మేస్త్రీ కూలి సర్కారే భరించాలని అర్జీ పెట్టండి. రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.