డాక్టరు గారి పేజీ: గీతల్లో దూరం

ఈ నెల బి.పి., షుగరు జోలికి పోవడం లేదు. కొందరికి సంతోషమే అనుకుంటాను.

మొన్న శుక్రవారం నాలుగు కుటుంబాలవాళ్ళం సనాబిస్ నుంచి అల్-అరీన్ వన్యప్రాణుల పార్కుకు వెళ్ళాం. మా పక్క ఫ్లాటు కుర్రాడు వాళ్ళ నాన్నగారి బైనాక్యులర్సు మెడలో వేసుకొచ్చాడు. ఆయన ఓడల మీద పనిచేసిన మనిషి. "అంకుల్, ఇందులో ఎవరో గీతలు గీశారు, తుడిచినా పోవడం లేదు" అని నా చేతికిచ్చాడు.

అవి పోయే గీతలు కావు. వేటగాడి రైఫిలు స్కోపులోనూ ఇలాంటివే ఉంటాయి, రెటికిల్ అంటారు. కొలత మిల్లుల్లో. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు ఎత్తున్న వస్తువు సరిగ్గా ఒక మిల్లు ఆక్రమిస్తుంది. కనుక జంతువు భుజం ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని, పదితో హెచ్చించి, అది ఎన్ని మిల్లులు ఆక్రమించిందో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. అరేబియా ఒరిక్స్ భుజం ఎత్తు సుమారు 100 సెంటీమీటర్లు. నాలుగు మిల్లులు ఆక్రమిస్తే 250 మీటర్లు. అంతే!

దూరం ఎందుకంటారా? తూటా కూడా మామిడికాయలాగే కిందికి పడుతుంది. అర సెకను గాలిలో ఉంటే సుమారు 1.2 మీటర్లు దిగుతుంది. దూరం తప్పితే గుండెకు తగలవలసింది కాలికి తగులుతుంది, జంతువు కుంటుకుంటూ పోయి ఎక్కడో చస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని స్కోపుల్లో జూమ్ తిప్పితే జంతువు పెద్దదవుతుంది గాని గీతలు మారవు. తొమ్మిది రెట్ల దగ్గర సరిపోయే గీతలతో మూడు రెట్ల దగ్గర కొలిస్తే 250 మీటర్లు కాస్తా 750 అయి కూర్చుంటుంది. మెడికల్ కాలేజీలో మైక్రోస్కోపు కటకం మార్చినప్పుడల్లా స్కేలు మళ్ళీ సరిచూసుకోమని మా ట్యూటరు ఎందుకు అరిచేవారో ఇప్పుడు బోధపడుతోంది.

అసలు చిక్కు అది కాదు. ఎదురుగా ఉన్నది ఏమిటో ముందే తెలియాలి. ఒరిక్స్ అనుకున్నది 65 సెంటీమీటర్ల రీమ్ జింక అయితే, అదే నాలుగు మిల్లులకు దూరం 162 మీటర్లే.

నేను సీమలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఒకాయన్ని మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తెచ్చారు. వేరుశనగ చేనుకు కాపలా ఉండి, చలికి కంబళి కప్పుకుని గట్టున గొంతుక్కూర్చున్నాడట. నాటు తుపాకి రవ్వలు తొడ నిండా. కాల్చింది సొంత బావమరిది. "పందనుకున్యా సార్" అంటూ తెల్లవార్లూ వరండాలో అదే మాట. కూర్చున్న మనిషి, నిలబడ్డ అడవిపంది దాదాపు ఒకే ఎత్తు. ఎంత ఖరీదైన స్కోపు పెట్టినా దూరం సరిగ్గానే చెప్పేది! ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు.

మన దేశంలో వేటను కట్టడి చేసే చట్టం 1972లో వచ్చింది. చిత్రమేమంటే, ఒమాన్ ఎడారిలో చివరి అడవి ఒరిక్స్‌లు తుపాకులకు బలైనదీ 1972లోనే. పార్కుల్లో పెంచిన వాటినే 1982లో తిరిగి అక్కడ వదిలారు. అల్-అరీన్ 1976లో పెట్టారు.

ఇదంతా నేను చెబుతుంటే మా కుర్రాడు లెక్క కట్టేశాడు. "పది మిల్లులు అంకుల్, వంద మీటర్లు!"

"లెక్క సరే. అది ఒరిక్సే అని ఎలా తెలుసు?" అన్నాను.

మళ్ళీ బైనాక్యులర్సు పెట్టి చాలాసేపు చూశాడు. "కొమ్ములు చూడండంకుల్, నిటారుగా ఉన్నాయి" అన్నాడు.