విభీషణ పట్టాభిషేకం

ఆటను ఆటగా చూడక అందులో వర్గాలనూ వర్ణాలనూ వెదకటం అభ్యుదయవాదుల చాదస్తమనే విమర్శ ఒకటి ఉన్నది. చదరంగంలో ముందు చచ్చేది బంటేనని ఎరిగినవారికి ఆ విమర్శకు జవాబు చెప్పనక్కరలేదు. ఇప్పుడు నా వాదం ఆ విమర్శకులతో కాదు, మనవారితోనే. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే వేషాల ఆటలో నల్ల ఎల్ఫులనే జాతి ఒకటి ఉన్నది. ఆట పరిభాషలో వారిని 'డ్రౌ' అంటారు. పుట్టుకతోనే దుష్టులని ఒకప్పుడు ముద్రపడిన ఆ జాతికి ఇప్పుడు సమాన హోదా దొరికిందనీ, ఎవరైనా ఆ వేషం కట్టవచ్చుననీ, కనుక ఆ కల్పనాలోకంలోనైనా జాత్యహంకారం ఓడిపోయిందనీ కొందరు మిత్రులు సంబరపడుతున్నారు. వారు చదువుకున్నవారు, సభల్లో నాకంటె బాగా మాట్లాడగలవారు. అయినా వారి సంబరంలో పాలుపంచుకోవటం నా వల్ల కాకుండా ఉన్నది.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని ప్రకటించారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. తక్కినవారు తలా ఒక వేషం కడతారు. నోటితోనే నడక, నోటితోనే యుద్ధం. సందేహం వచ్చినచోట పాచిక తీర్పు చెబుతుంది. ముందుగా రాసిపెట్టిన నాటకం కాదు. కథ అప్పటికప్పుడు, అందరి నోటా పుడుతుంది. ఈ గుణం వల్లనే నాకు ఈ ఆట అంటే గౌరవం. శ్రోత కూడా కవి కాగల కళలు మనకు ఎన్ని ఉన్నాయి?

అయితే వేషం కట్టేముందు ఆటగాడు ఒక కాగితం మీద తన పాత్ర పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలి. ఏ జాతి, ఏ వృత్తి, బలమెంత, బుద్ధి ఎంత. ఈ 'జాతి' నేను అంటగట్టిన మాట కాదు. దాదాపు అర్ధశతాబ్దం పాటు నియమావళిలో అచ్చయిన పారిభాషిక పదమది. ఆ నియమావళి పుస్తకాల్లో రెండింటిని చూడండి. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఉన్నవారు వేషం కట్టదగినవారు. 1977లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఉన్నవారిలో అత్యధికులు చంపదగినవారు. ఆ రెండవ పుస్తకంలో మన రాక్షసుడు కూడా ఉన్నాడు, పులి తలకాయతో. చంపితే వీరుడికి 'అనుభవం' పెరుగుతుంది. చచ్చినవాడి ఇంట్లో దొరికిన బంగారానికి కూడా, నాణేనికి ఒక మార్కు చొప్పున, అనుభవం పెరుగుతుంది. దోపిడీని అనుభవంగా లెక్కగట్టిన ఈ గణితాన్ని కనిపెట్టినవారు రాజకీయం ఎరుగని అమాయకులే కావచ్చును. వలసలు వెళ్ళినవారి మనుమలకు ఆ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

డ్రౌ జాతి పేరు 1977 పుస్తకంలో నాలుగు మాటల్లో తగులుతుంది. 1978లో గైగాక్స్ రాసిన సాహస కథల్లో, ముఖ్యంగా 'వాల్ట్ ఆఫ్ ది డ్రౌ'లో, వారి రూపురేఖలు తేలాయి. నల్లని చర్మం, తెల్లని జుట్టు. భూగర్భంలో కాపురం. సాలెపురుగు రూపంలో ఉన్న లోల్త్ అనే దేవత. బానిసల చాకిరీ. పురుషుల మీద స్త్రీల పెత్తనం. ఇదంతా ప్రాచీన పురాణం అనుకునేవారున్నారు. కాదు. 13వ శతాబ్దపు ఐస్లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ తెల్ల ఎల్ఫులనూ నల్ల ఎల్ఫులనూ వేరుచేసి, నల్లవారు భూమి లోపల ఉంటారనీ, తారుకంటె నల్లనివారనీ చెప్పిన మాట నిజమే. కాని స్త్రీల ఏలుబడి, బానిసల సంతలు, శాపం ఆయన రాతల్లో లేవు. టోల్కీన్ రచనల్లో 'చీకటి ఎల్ఫులు' అన్న మాట ఉన్నది. అక్కడ చీకటి చర్మానిది కాదు. దేవతల చెట్ల వెలుగును చూడనివారని మాత్రమే దాని అర్థం. నల్లని తోలును నీతికి కొలబద్దగా చేసింది 20వ శతాబ్దపు అమెరికా.

ఆ నలుపుతో పాటు స్త్రీ పెత్తనాన్ని కూడా ఎందుకు జోడించారో గమనించండి. అదే 1978లో వెలువడిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో స్త్రీ పాత్రలకు బలం పురుష పాత్రల కంటె తక్కువగా ఉండాలని పట్టిక వేసి మరీ శాసించారు. పైలోకంలో స్త్రీకి హద్దు గీసిన కలమే పాతాళంలో ఆమె చేతికి కొరడా ఇచ్చింది. తిరగబడిన లోకం ఎంత భయంకరమో చూపటానికి తెల్ల మధ్యతరగతి పురుషుడికి తోచిన రెండు భయాలు ఒకేచోట చేరాయి.

ఇక శాపం సంగతి. ఆ తరువాత విస్తరించిన గాథల ప్రకారం డ్రౌలు ఒకప్పుడు పైలోకపు ఎల్ఫులే. తక్కినవారితో యుద్ధం చేసి, ఓడి, శాపానికి గురై నల్లబడి నేలలోపలికి తరిమివేయబడ్డారు. ఈ కథ చదివిన తెలుగువాడు నవ్వకుండా ఉండలేడు. ఓడినవాడి చరిత్ర గెలిచినవాడి నోట శాపంగా మారటం మనం చిన్నప్పటినుంచీ విన్న పురాణ కాలక్షేపమే గదా!

జాతి మొత్తానికి దుష్టత్వం అంటగడితే అది ఎందాకా పోతుందో గైగాక్స్ మాటల్లోనే ఉన్నది. చేతికి చిక్కిన దుష్టజాతి వారిని ధర్మవీరుడు చంపవచ్చునా అన్న చర్చలో, 2005లో, అభిమానులకు జవాబిస్తూ ఆయన ఈపులే రేపు పేలవుతాయనే సామెతను సమర్థించారు. ఆ సామెత చరిత్రలో కర్నల్ చివింగ్టన్ పేరుతో ముడిపడి ఉన్నది. 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ వద్ద షయాన్, అరాపహో ప్రజల శిబిరం మీద పడి నరమేధం జరిపిన సైన్యానికి నాయకుడతడే. చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. గైగాక్స్ తెలియక అన్న మాట కాదిది, చివింగ్టన్‌ను పేరు పెట్టి ప్రస్తావించారు. "ఆటే కదా" అనేవారికి ఇంతకుమించి నేను చెప్పవలసినది లేదు.

ఇప్పుడు మిత్రుల సంబరానికి వస్తాను. డ్రౌలకు వేషం కట్టే పుస్తకంలో మొదట చోటు దొరికింది 1985లో, 'అనెర్త్‌డ్ ఆర్కేనా' అనే గ్రంథంలో. అప్పటికి ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ అప్పుల్లో మునిగి ఉన్నది. తొందరగా డబ్బు రాబట్టే పుస్తకం కావలసి వచ్చింది. తలుపు తెరిచింది ధర్మం కాదు, ఖాతా పుస్తకం. తెరిచినా, పగటి వెలుగులో వారి శక్తి తగ్గాలని నియమం పెట్టి తెరిచారు. ఏదో ఒక రూపంలో ఆ ఎండ నియమం 2014 నాటి ఐదవ కూర్పులో కూడా ఉన్నది. రావచ్చును, కాని పగలు తలవంచుకుని రావాలి!

1988లో ఆర్.ఏ. సాల్వటోర్ 'ది క్రిస్టల్ షార్డ్' నవలలో డ్రిజ్ట్ అనే డ్రౌ వీరుణ్ణి ప్రవేశపెట్టాడు. 1990లో 'హోమ్‌లాండ్' అతని బాల్యం చెప్పింది. ఆ వరసలో నవలలు ముప్ఫై దాటాయి. మెంజోబెరాంజన్ అనే పాతాళ నగరంలో పెద్ద కుటుంబంలో పుట్టి, ఆ క్రూరత్వం భరించలేక పైకి వచ్చేసిన సజ్జనుడు డ్రిజ్ట్. అతని మంచితనంలో నాకు అనుమానం లేదు. ఆ మంచితనం చేసే పని మీదనే నా అభ్యంతరం. ఇతడు విభీషణుడు. విభీషణుడు మంచివాడు కావటం వల్ల లంకకు ఒరిగిందేమిటి? రాక్షసుల్లో కూడా మంచివారుంటారని చెప్పటానికి కాదు అతడున్నది. తక్కినవారిని చంపటం న్యాయమేనని ఆ కులంవాడి నోటనే సాక్ష్యం చెప్పించటానికి. ప్రహ్లాదుడిదీ ఇదే వరస. డ్రిజ్ట్ అపూర్వుడు కావాలంటే అతని జాతి యావత్తూ హేయం కావాలి. ఆ జాతి మామూలు మనుషుల జాతి అయిననాడు డ్రిజ్ట్ నవలలకు గిరాకీ ఏముంటుంది? మన భాషలో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూకవధ' రాసినప్పుడు లంకలో మంచివాడెవడని వెదకలేదు. చంపినవాడి ధర్మం ఎవరి ధర్మమని అడిగారు. ఆ ప్రశ్న వేసి మనకు నూరేళ్ళయింది.

ఇక్కడ మా కళాశాల విద్యార్థి ఒకడు నాతో అన్న మాట దాచటం న్యాయం కాదు. అతడు రెండేళ్ళుగా డ్రౌ వేషమే కడుతున్నాడు. "మాస్టారూ, ఊళ్ళోకి అడుగుపెట్టగానే అందరూ ఒక చూపు చూస్తారు చూడండి, ఆ చూపు ఈ పాత్రకు తెలుసు. వేరే ఏ పాత్రకూ తెలియదు" అన్నాడు. ఏ ఊరో, ఏ చూపో నేను అడగలేదు. ఈ వేషంలో అతనికి దొరికేది నిజమైనదే. దానిని తక్కువచేసి మాట్లాడే విమర్శకుడు మనిషిని ఎరుగనివాడు. కాని ఆ బాధకు ఆట చూపే విముక్తి ఏమిటి? నీవారిని విడిచి రా. మావారి శత్రువులను, అందులో నీవారిని కూడా, నరికి నీ యోగ్యత నిరూపించుకో. అప్పుడు సత్రంలో నీకొక గ్లాసు పోస్తాం. ఊరు విడిచి, ఇంటిపేరు దాచుకుని, 'నువ్వు వాళ్ళలాంటివాడివి కాదు' అన్న మెప్పు కోసం జీవితమంతా పరీక్ష రాస్తున్నవారు మన కార్యాలయాల్లోనూ కళాశాలల్లోనూ ఎందరో ఉన్నారు. వారికి తెలుసు ఆ గ్లాసు ఖరీదు.

2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో అమెరికా అట్టుడుకుతున్న రోజుల్లో, ఇప్పటి ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు ఒక ప్రకటన చేశారు. ఓర్కులనూ డ్రౌలనూ చిత్రించిన తీరు నిజలోకంలో కొన్ని జాతులను హీనపరచిన తీరును తలపించేదిగా ఉన్నదని ఒప్పుకున్నారు. 2021లో సాల్వటోర్ కొత్త నవల వచ్చింది. ఉత్తరాన మంచులోనూ దక్షిణాన అడవిలోనూ మంచి డ్రౌ నగరాలు ఉన్నట్లూ, చెడు అంతా లోల్త్ ఆరాధనలోనే ఉన్నట్లూ సర్దుబాటు జరిగింది. 2024 నియమావళిలో 'జాతి' అన్న మాట పోయి జీవశాస్త్రపు మాట వచ్చింది. ఎండ నియమం కూడా పోయింది. ఇవి మెరుగులు కావని నేను అనను. పిల్లవాడు కాగితం మీద తన పాత్రకు పుట్టుకతో దుష్టత్వం రాసుకోనక్కరలేకపోవటం మంచిదే. కాని జరిగినదేమిటి? దుష్టత్వాన్ని రక్తంలోనుంచి తీసి మతంలో పెట్టారు. దానిని ఉత్పత్తి సంబంధాలలో వెదకటానికి ఎవరికీ మనసొప్పలేదు. బానిసల చాకిరీ మీద నిలిచిన నగరం క్రూరంగా ఉండటానికి సాలెపురుగు దేవత కావాలా?

ఇది అసాధ్యమైన కోరిక కాదనటానికి ఉదాహరణ ఉన్నది. 2002లో వచ్చిన 'మారోవిండ్' అనే కంప్యూటరు ఆటలో కూడా నల్ల ఎల్ఫుల వేషం కట్టవచ్చును. అక్కడా శాపకథ తప్పలేదు. బూడిదరంగు చర్మం, ఎర్రకళ్ళు దేవత శాపమేనట. అయినా అక్కడ వారికి ఒక చరిత్ర ఉన్నది. బానిసలతో పొలాలు చేయించే ప్రభువంశాలు ఒక పక్క, బూడిద మైదానాల్లో తిరిగే తెగలు మరొక పక్క, అందరి నెత్తిన పరాయి సామ్రాజ్యం. బానిసలను రహస్యంగా విడిపించే 'జంట దీపాలు' అనే సంఘం ఉన్నది, ఆటగాడు అందులో పనిచేయవచ్చును. మంచీ చెడూ పుట్టుకలో కాక, మనిషి ఎవరి పక్షాన నిలబడ్డాడన్న దానిలో ఉన్నాయి.

2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ తెరిచి చూశాను. అందులో డ్రౌలు లేరు. చంపదగినవారి పుస్తకం నుంచి ఆ జాతి పూర్తిగా బయటపడింది. మిత్రులు దీనినే విజయమంటున్నారు. మెంజోబెరాంజన్‌లో డ్రౌ ప్రభువుల ఇళ్ళలో చాకిరీ చేసే గాబ్లిన్లు, కోబోల్డులు మాత్రం ఆ పుస్తకంలోనే ఉన్నారు. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో వేషం కట్టదగినవారి పట్టీలో పది పేర్లున్నాయి. ఆ పదింటిలో వీరి పేర్లు లేవు. యజమానులకు పౌరసత్వం వచ్చింది, బానిసల తలకు వెల ఇంకా అలాగే ఉన్నది.

ఈ సంగతి ఆ విద్యార్థికి చూపించాను. చాలాసేపు పట్టీ చూశాడు. వచ్చే ఆదివారం మెంజోబెరాంజన్ వంటశాలలో మొదలుపెడతామనీ, నలుగురూ కోబోల్డులేననీ, సూత్రధారిగా కూర్చునే అమ్మాయి ఒప్పుకున్నదనీ నిన్న చెప్పాడు. సంకెళ్ళు తెంచితే ఎంత అనుభవం ఇవ్వాలో పుస్తకంలో ఎక్కడా లేదట. ఆ పట్టిక వాళ్ళే వేసుకుంటున్నారు.