ప్రజల పేరిట ఒక నాణెము

నాణెము ముద్రించుట రాజచిహ్నమని చరిత్ర పాఠములో పిల్లలకు చెప్పుచుందుము. సింహాసనమెక్కినవాడు తన పేర టంకము వేయించెననగా, ఆ దేశమున వాని మాట చెల్లుచున్నదని అర్థము. నేడు ఆ అధికారము కంప్యూటరు ముందు కూర్చున్న పదిమంది స్నేహితులకు కూడ దక్కినది. వారు ఒక పేరు అనుకొని, ఇన్ని కోట్లని సంఖ్య నిర్ణయించి, ఒక్క సాయంకాలములో దానిని లోకము మీదికి విడువగలరు. దీనికి టోకెను అని పేరు. హోటలులో ముందుగా డబ్బు చెల్లించి పుచ్చుకొను కాఫీ టోకెను మనమెరిగినదే. అది చెల్లుట, వెనుక వంటయింట కాఫీ కాగుచుండుటచేతనే. ఈ క్రొత్త టోకెనుల వెనుక కాగుచున్నదేమి?

మొదట దీని యంత్రాంగము. 2015లో ఎథీరియము అను వ్యవస్థ నడకలోనికి వచ్చెను. అది వేలాది కంప్యూటర్లలో ఒకే విధముగా వ్రాయబడుచుండు బహిరంగమైన ఖాతా పుస్తకము. ఏ బ్యాంకును దానికి యజమాని కాదు. అందులో ఎవరైనను కొన్ని నిబంధనలను ప్రోగ్రాముగా వ్రాసియుంచవచ్చును; సొమ్ము వచ్చిన వెంటనే ఆ నిబంధనలు వాటంతట అవే అమలగును. టోకెను అనునది ఆ పుస్తకములో ఒకరి పేరున, నిజమునకు పేరు కూడ కాదు, ఒక సంకేతము పేరున వ్రాయబడిన పద్దు మాత్రమే. ఒక సంఘము తనవారికి ఇట్టి పద్దులు పంచి, వాటి బలము మీద ఓటు వేయించి, ఉమ్మడి ధనమును ఖర్చు చేసినచో ఆ సంఘమును 'డావో' అందురు.

ఇట్టి సంఘములలో బడిలో చెప్పదగిన కథ గలది ఒకటి కలదు. 1787లో అమెరికా రాజ్యాంగమును మొట్టమొదట అచ్చువేసిన ప్రతులలో మిగిలినవిగా తెలిసినవి 13 మాత్రమే. వానిలో ఒకదానిని 2021 నవంబరు 18న న్యూయార్కులో సోథెబీ సంస్థ వేలము వేసెను. దానికి కొద్ది దినముల ముందు కొందరు యువకులు, ఈ పత్రము ధనికుని ఇంటిగోడకు చేరరాదు, ప్రజలే కొని ప్రజలకు చూపవలెనని సంకల్పించి 'కాన్‌స్టిట్యూషన్ డావో' అను సంఘమును స్థాపించిరి. ఒక్క వారములో 17,000 మందికి పైగా చందాలు పంపిరి. మొత్తము 4 కోట్ల డాలర్లు దాటెను. చందాల మధ్యగతము 206 డాలర్లు. అనగా సగముమంది అంతకు మించి ఇచ్చుకొనలేదు. ఒక ఈథరు పంపినవారికి 10 లక్షల టోకెనుల చొప్పున నిర్ణయించిరి. ఆ టోకెనుకు 'పీపుల్' అని పేరిడిరి. రాజ్యాంగపు తొలి పలుకులనుండి తీసికొన్న పేరది.

ఇంత ఉత్సాహమును పరిహసించుట సులభము. ఈ రచయితకు ఆ కోరిక లేదు. ఊరూర చందాలు పోగుచేసి గ్రంథాలయములు నిలిపిన జాతికి ఇది తెలియని ఉత్సాహమును కాదు. ఐనను పాట పోయెను. కెన్ గ్రిఫిన్ అను పెట్టుబడిదారుడు 4 కోట్ల 32 లక్షల డాలర్లకు పత్రమును కొనెను. దానిని ఆయన ఆర్కన్సాసు రాష్ట్రములోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియమునకు ప్రదర్శనకై ఎరవిచ్చుట వేరు సంగతి. ఓటమికి కారణము ఆలోచింపదగినది. సంఘము వద్ద సొమ్మెంత యున్నదో బహిరంగ ఖాతాలో లోకమంతయు చూచుచుండెను. అందులో పత్రపు బీమా, రవాణా, భద్రతల ఖర్చు తీసివేసినచో వారు ఎచ్చట ఆగవలసినదో ఎవ్వరైనను లెక్కకట్టవచ్చును. చీటీపాటలో తాను ఎంతవరకు పోగలడో ముందే చాటుకొనువాడు ఉండునా? దాపరికము లేకుండుట సంఘమునకు గొప్ప గుణము. పాటలో ఆ గుణమే ఎదిరికి ఆయుధమయ్యెను.

అసలు పాఠము ఓటమి తరువాత మొదలగును. చందాదారులలో కొందరు తాము ఆ పత్రములో వాటాదారులమగుదుమని తలచిరి. టోకెను ఇచ్చునది సొత్తులో వాటా కాదు, పత్రమును ఎచ్చట ఉంచవలెను, ఎట్లు చూపవలెను అను విషయములలో ఓటు మాత్రమేయని నిర్వాహకులు ముందే ప్రకటించిరి. చదివినవారెందరు? వాపసు కోరినవారికి వేరొక చిక్కు కలిగెను. ఎథీరియము ఖాతాలో ఏ పద్దు వ్రాయించుకొనవలెనన్నను రుసుము చెల్లింపవలెను. ఆ దినములలో ఆ రుసుము పదుల డాలర్లలో ఉండెను. రుసుము పద్దునకే గాని పద్దులోని మొత్తమునకు కాదు. నూరు ఈథర్లు పంపిన శ్రీమంతునకును, ఏబది డాలర్లు పంపిన విద్యార్థికిని రమారమి ఒక్కటే. పంపుటకు ఒకసారి, మరల పుచ్చుకొనుటకు ఇంకొకసారి. చిన్న చందాదారులలో కొందరికి వాపసు అడుగుటయే నష్టమయ్యెను. సమానమైన రుసుము అసమానమైన భారమగుటకు లెక్కల మాస్టరుకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము దొరకదు.

సంఘమును మూసివేయుచున్నామని ఆ నెలలోనే ప్రకటన వెలువడెను. ఇక టోకెను వెనుక మిగిలినది వాపసు హక్కు మాత్రమే. విచిత్రమేమనగా, దాని ధర ఆ వాపసు విలువను దాటి పైకెగసెను. డిసెంబరులో బైనాన్సు వంటి పెద్ద అంగడి కూడ దానిని క్రయవిక్రయములకు చేర్చుకొనెను. రాజ్యాంగము కొరకు ఇచ్చినవారు ఒక ప్రజ, ధర పెరుగునని కొన్నవారు మరియొక ప్రజ. టోకెను మీది పేరు మాత్రము అదియే. హోటలు మూతపడి కాఫీ చల్లారిన తరువాత, వీథిలో కాఫీ టోకెనులకు గిరాకి పుట్టిన చందము!

ఈ నిర్వాహకులు సొమ్ము మ్రింగినవారు కారు. అందుచేతనే ఈ ఉదాహరణము విలువైనది. దోషము మనుష్యులది కాదు, ఏర్పాటుది. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అను వినిమయ వ్యవస్థ అంతకు పూర్వము తన్ను వాడుకొన్న ఒక్కొక్క ఖాతాకు కనీసము 400 టోకెనులు ఉచితముగా ఇచ్చెను. ఆనాటి ధరకు అది ఒక చిన్న నిధి. కాని మొత్తము 100 కోట్ల టోకెనులలో నూటికి 40 వంతులు ఉద్యోగులకు, పెట్టుబడిదారులకు, సలహాదారులకు కేటాయింపబడెను. ఓటు తలకొకటి కాదు, టోకెనుకొకటి. నాలుగువందల వాడు చేయి ఎత్తవచ్చును; ఎత్తి ప్రయోజనమేమి? మన దేశమున 1935 చట్టము క్రింద ఆస్తి, పన్ను, చదువు చూచి ఓటు ఇచ్చిరి. 1951–52 ఎన్నికలలో ఆ కొలతలను త్రోసి, వయసు వచ్చిన ప్రతివానికి ఒక్కొక్క ఓటు ఇచ్చితిమి. సరిక్రొత్తదని చెప్పుకొను టోకెను సంఘము ఆ పాతగడప యొద్దకే మరలి వచ్చినది.

మన కళాశాలల పిల్లల చేతి ఫోనులలోనికి ఈ టోకెనులు రాకపోలేదు. కావున మన చట్టమేమనునో తెలిసియుండుట మంచిది. రూపాయివలె వీనికి చెల్లుబాటు లేదు. పన్ను మాత్రము కలదు. 2022 ఏప్రిలు 1 నుండి లాభము మీద నూటికి 30 వంతులు. ఒక టోకెనులో పోయిన సొమ్మును మరియొకదాని లాభమునుండి తగ్గించి చూపుటకు వీలు లేదు. అదే సంవత్సరము జూలై 1 నుండి, వార్షిక పరిమితి దాటిన అమ్మకములలో నూటికొక రూపాయి ముందుగనే కోత. అమ్మినవాడు నష్టపడియున్నను ఆ సమయమున కోత ఆగదు.