వేగమునకు వెల యెవరు చెల్లింతురు?

సూర్యమండలమును అందుకొనవలెనని పందెము వేసికొని ఎగిరిన జటాయు సంపాతుల కథ మన బడిపిల్లలకు తెలియనిది కాదు. తమ్ముని కాపాడబోయి అన్న తన రెక్కలను కాల్చుకొనెను. ఆ కథలో గమనింపదగిన విషయమొకటి కలదు. పందెము వేసినవారే దాని ఫలమును అనుభవించిరి. వారి సాహసమునకు వెల వారి రెక్కలే. నేలమీద తన పని తాను చేసికొనుచున్న వేరొక ప్రాణి ఆ వెలను చెల్లింపవలసి రాలేదు. నేడు ఆకాశమున అతివేగముగా పోవుచున్న కెమెరా డ్రోనుల విషయమున ఈ న్యాయము తారుమారైనది. ఎగురవేయువాడు నీడపట్టున కుర్చీలో కూర్చుండును, ఎగురునది యంత్రము, అది కూలినచో దెబ్బ తగులునది దారిన పోవు మూడవవానికి. ఈ భేదమును మనస్సునందుంచుకొని, ఈ క్రొత్త విద్యలోని లాభమును, అపాయమును తూచి చూడవలయునని నా అభిప్రాయము.

లాభము స్వల్పమైనదని ఎవరును అనజాలరు. వేగముగా కదలువానికి లోకము వేరొక రూపమున కనబడునను సంగతి కవులకు పూర్వమే తెలియును. శాకుంతలము ప్రథమాంకమున పరుగెత్తు రథమునుండి దుష్యంతుడు చూచిన దృశ్యమును, సప్తమాంకమున ఆకాశమునుండి దిగివచ్చుచు అతడు చూచిన భూమిని కాళిదాసు వర్ణించెను. రఘువంశము పదమూడవ సర్గలో రాముడు పుష్పకవిమానమునుండి సీతకు సముద్రమును, అరణ్యములను చూపును. కవి ఊహతో సాధించిన ఆ దృష్టిని యంత్రముతో సాధింపవలెనని మానవుడు చాలకాలము యత్నించెను. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు బెలూనెక్కి ప్యారిస్ సమీపమున నేలను చిత్రించెను. 1908 ప్రాంతమున జర్మనీలో యూలియస్ నాయ్‌బ్రోనర్ అను ఔషధవ్యాపారి పావురముల రొమ్మునకు చిన్న కెమెరాలను కట్టి ఎగురవేసెను. పావురము తన యిచ్చ వచ్చిన త్రోవన పోవును. ఏ దృశ్యము చిక్కునో యజమానికి తెలియదు. ఆ కొరతను నేటి డ్రోను తీర్చినది. చిత్రకారుని చూపు, పక్షి రెక్క ఒక్కచోట చేరినవి.

ఈ డ్రోనులలో రెండు తెగలు కలవు. మన పెండ్లిపందిళ్లపై, తిరునాళ్లలో కనబడునవి సాధారణముగా మొదటి తెగకు చెందినవి. మీట వదలినచో అవి ఉన్నచోటనే గాలిలో నిలుచును. వానిలో పెక్కింటికి అడ్డంకులను కనిపెట్టు సాధనములు కూడ ఉండును. రెండవ తెగ పందెపు డ్రోనులు. వీనిని నడపువాడు కన్నులకు గాగుల్స్ తగిలించుకొనును. డ్రోను ముక్కున నున్న కెమెరా పంపు దృశ్యమే అతనికి కనబడును. తన ప్రక్క నిలుచున్న మనిషి కనబడడు. మీట వదలినంత మాత్రమున ఈ డ్రోను నిలువదు. దానిని ప్రతిక్షణము చేతితో నిలుపుకొనవలయును. ఇట్టి విద్య నెలల తరబడి సాధన లేక పట్టుబడదు. 2016లో దుబాయి నగరమున జరిగిన ప్రపంచ డ్రోను పందెములో గెలిచిన జట్టుకు సారథి ల్యూక్ బానిస్టర్ అను పదునైదేండ్ల ఆంగ్లబాలుడు. ఆ జట్టుకు రెండు లక్షల ఏబదివేల డాలర్ల బహుమతి లభించెను. కన్ను, చేయి, మనస్సు ఒక్కటిగా పనిచేయుట బాల్యముననే నేర్వదగినదని దీనివలన తెలియుచున్నది.

2024లో ఇంగ్లండునందలి సిల్వర్‌స్టోన్ పందెపుబాటపై మాక్స్ వెర్‌స్టాపెన్ నడపిన ఫార్ములా వన్ కారును ఒక కెమెరా డ్రోను వెన్నంటి చిత్రించెను. నెదర్లాండ్సు దేశపు నిపుణులు నిర్మించిన ఆ డ్రోను గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో పోగలదు. ఆ చిత్రమును చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. బాట ప్రక్కన నిలిపిన కెమెరాలోగాని, ఎత్తున పోవు హెలికాప్టరులోని కెమెరాలోగాని కారు వేగము సగము మాసిపోవును. నేలకు దగ్గరగా, కారు వెనుకనే పోవు కన్నునకే మలుపు ఎంత హఠాత్తుగా వచ్చునో, నడపువాని నేర్పు ఎంతటిదో బోధపడును. ఇది కేవలము వినోదము కాదు, జ్ఞానము. అదే యేట దక్షిణాఫ్రికాకు చెందిన తండ్రికొడుకులు తాము చేసిన డ్రోనును గంటకు 480 కిలోమీటర్ల వేగమున నడపి రికార్డు నెలకొల్పిరి. ఆ రికార్డును కూడ తరువాత దాటిపోయిరి.

ఇంతటి వేగము ఊరక రాదు. డ్రోను ముందుకు పోవలెనన్నచో ముందుకు వంగవలయును. ఎంత వేగము కావలెనో అంత వంగవలయును. అందుచేత కెమెరాను కొంత పైకెత్తి బిగింతురు. డ్రోను వేగముగా పోవునప్పుడు కెమెరా తిన్నగా చూచును; మెల్లగా పోవునప్పుడు ఆకాశమును చూచును. అనగా ఈ యంత్రమున జాగ్రత్తపడి మెల్లగా పోవువానికి నేల సరిగా కనబడదు! ఇక గాలి సంగతి. గాలి నిరోధము వేగపు వర్గముననుసరించి పెరుగును. దానిని జయించుటకు వలయు శక్తి వేగపు ఘనముననుసరించి పెరుగును. వేగము రెట్టింపు కావలెనన్న శక్తి ఎనిమిదింతలు కావలయును. ఆ భారమంతయు చిన్న బ్యాటరీపైనను, చిన్న మోటారులపైనను పడును. అవి కాగిపోవును. సిల్వర్‌స్టోన్ డ్రోను బ్యాటరీ మూడు నిమిషములకు మించి రాలేదు. సంపాతి రెక్కలను కాల్చిన సూర్యుడు ఇచ్చట డ్రోను కడుపులోనే ఉన్నాడు.

ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్లపై వేసి చూపదగిన లెక్క యొకటి చెప్పెదను. ఒక కిలోగ్రాము బరువు గల డ్రోను గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 20 మీటర్లు పోవుచున్నచో దాని గతిశక్తి 200 జౌళ్లు. ఆరంతస్తుల మేడపైనుండి కిలో బరువును జారవిడిచినంత దెబ్బ అది. అదే డ్రోను గంటకు 300 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో శక్తి సుమారు 3,470 జౌళ్లు. ఇది 350 మీటర్ల ఎత్తునుండి పడినదానితో సమానము. మనిషి ఒక వస్తువును చూచి చేయి కదల్చుటకు సెకనులో అయిదవవంతు కాలము పట్టుననుకొందము. అంతలో మొదటి డ్రోను నాలుగు మీటర్లు పోవును. రెండవది పదునేడు మీటర్లు దాటిపోవును. మరియొక లెక్క. 120 మీటర్ల ఎత్తున సెకనుకు 30 మీటర్లు పోవు డ్రోనునకు సంకేతము తెగి మోటారులు ఆగినచో, గాలి నిరోధమును లెక్కింపకున్న, అది అయిదు సెకనులలో నేలను తాకును. అప్పటికి అది సుమారు 150 మీటర్లు ముందుకు పోయియుండును. గాలివలన ఆ దూరము కొంత తగ్గును. ఎంత తగ్గునో ఎగురవేయువాడు చెప్పజాలడు. నా డ్రోను క్రింద ఎవరును లేరు గదా యనువాడు ఈ లెక్కను చూడవలయును.

ఇవి కేవలము లెక్కలు కావు. 2015 డిసెంబరులో ఇటలీయందలి మడోన్నా ది కాంపిల్యోలో మంచుకొండపై మార్సెల్ హిర్షెర్ అను ఆస్ట్రియా వీరుడు పందెములో జారివచ్చుచుండగా, చిత్రము తీయుచున్న డ్రోను అతని వెనుకనే నేలకూలి ముక్కలయ్యెను. ఒక్క క్షణము ముందు కూలినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అతడు ఆ సంగతి తెలియక పందెము ముగించి రెండవ స్థానమును పొందెను. అటుపిమ్మట అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన ప్రపంచకప్ పందెములలో కెమెరా డ్రోనులను నిషేధించెను. 2017 సెప్టెంబరులో న్యూయార్కు సమీపమున ఒక డ్రోను సైనిక హెలికాప్టరును ఢీకొనెను. దానిని ఎగురవేసినవాడు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున, అది కంటికి కనబడని చోట నుండెను. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ నగరమును మంటలు చుట్టుముట్టినప్పుడు, కెనడానుండి వచ్చి నీళ్లు చల్లుచున్న విమానపు రెక్కకు ఒక డ్రోను తగిలి రంధ్రము చేసెను. మంటలను చూడగోరి దానిని పంపినవాడు దానిని కంటికందని దూరము పోనిచ్చెను. మరమ్మతు ముగియువరకు ఆ విమానము పనికి రాకుండెను. వేడుక ఒకనిది, ఆ దినములలో నీళ్లు అందని ఇండ్లు వేరొకరివి.

ఈ సందర్భమున కొందరు పెద్దలు డ్రోనులను పూర్తిగా నిషేధింపవలెనందురు. ఈ మాట సరికాదు. వేగమే ప్రాణము నిలిపిన సందర్భములు కలవు. 2021 డిసెంబరులో స్వీడన్ దేశమున గుండె ఆగిన ఒక వృద్ధునికి డ్రోను మూడు నిమిషములు దాటిన కొద్దిసేపటికే విద్యుత్తుతో గుండెను నడపించు పరికరమును చేర్చెను, అతడు బ్రదికెను. అదే సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణమునందలి వికారాబాదున ఆకాశమార్గమున మందులు పంపు ప్రయత్నము మొదలయ్యెను. నిషేధించినచో ఇట్టి పనులకు వలయు నేర్పరులు ఎచ్చటినుండి వత్తురు? మరికొందరు యువకులు వేరొక వాదము చేయుదురు. రోడ్లపై ప్రమాదములు లేవా, అందుకని కార్లను మానితిమా యందురు. ఈ వాదమున ఒక లోపమున్నది. కారు నడపువాడు ఆ కారులోనే కూర్చుండును. అతని ప్రాణభయమే అతనికి కళ్లెము. డ్రోను నడపువానికి ఆ కళ్లెము లేదు. కావున దానిని బుద్ధిపూర్వకముగా తానే తగిలించుకొనవలయును.

చట్టము కొంతవరకు తోడ్పడును. మన దేశమున 2021 ఆగస్టులో వచ్చిన నిబంధనలు డ్రోనులను బరువునుబట్టి తరగతులుగా విభజించినవి. సాధారణముగా పచ్చమండలమున 400 అడుగుల వరకు ఎగురవేయవచ్చును. ఎఱ్ఱమండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేక ఎగురవేయరాదు. పైలటు ధ్రువపత్రమునకు పదునెనిమిదేండ్లు నిండవలయును, పదవ తరగతి ఉత్తీర్ణత ఉండవలయును. 250 గ్రాములకు మించని నానో డ్రోనునకు ఈ ధ్రువపత్రము అక్కరలేదు. ఇది చూచి బాలురు చిన్న డ్రోనునకు అపాయము లేదని భ్రమపడరాదు. ఆ 250 గ్రాముల డ్రోనే సెకనుకు 30 మీటర్లు పోవుచున్నచో దాని శక్తి సుమారు 112 జౌళ్లు. మూడంతస్తుల మేడపైనుండి కిలో బరువు పడినట్లే. బరువులో చట్టము చూపిన దయను వేగమునందు ప్రకృతి చూపదు.

ఇంకొక సంగతి. 2022లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయమువారి డ్రోను, మనిషి చేయి తగులకుండ కృత్రిమ మేధతోనే ఎగిరి, పందెములో మానవ ఛాంపియనులను ఓడించెను. అనగా కేవలము వేగముగా పోవుటయే ఘనత యనుకొన్నచో, ఆ ఘనత క్రమముగా యంత్రమునకే దక్కును. ఎచ్చట ఎగురవలయును, ఎచ్చట ఎగురరాదు, ఏ దృశ్యము ఇంత అపాయమునకు తగినది, క్రింద నున్నవారు దీనికి ఒప్పుకొనిరా అను వివేచన మాత్రము మనిషికే మిగులును. సిల్వర్‌స్టోన్ చిత్రము మెచ్చదగినదగుటకు దాని వేగము ఒక్కటే కారణము కాదు. అది మూసియున్న పందెపుబాటపై, కారు నడపువానికి తెలిసి జరిగినది. రథోత్సవమున కిక్కిరిసిన జనముపై అట్టి విద్యను చూపబోవువాడు నేర్పరి కాడు.

కావున మన పాఠశాలలు ఈ విద్యకు వెన్ను చూపక, దానిని క్రమముగా నేర్పవలయునని నా మనవి. మొదట కంప్యూటరుపై అభ్యాసము జరుగవలయును. అచ్చట వందసార్లు కూలినను ఎవరికిని గాయము కాదు. తరువాత పైన చెప్పిన లెక్కలను విద్యార్థి తానే చేయవలయును. పిమ్మట అనుమతించిన బయలునందు, తడికలకో వలలకో వెలుపల తక్కినవారిని నిలిపి ఎగురవేయవలయును. గాగుల్స్ తగిలించుకొన్న ప్రతి విద్యార్థి ప్రక్కను, డ్రోనును విడువక కంటితో చూచుచుండు తోడు విద్యార్థి యొకడుండవలయును. అతడు ఆపుమన్నచో మారుమాటాడక దింపవలయును. సంకేతము తెగినచో యంత్రమేమి చేయునో ఎగురవేయుటకు పూర్వమే పరీక్షింపవలయును. ఇరుగుపొరుగు పెరళ్లలోనికి కెమెరా చూపు పోనీయరాదు. ఇట్టి శిక్షణకు పెద్ద ధనము అక్కరలేదు; ఓపిక గల ఉపాధ్యాయుడొకడు, ఖాళీబయలొకటి చాలును. బయటి యంగడిలో డ్రోను కొనుటకు పిల్లవానికి మన యనుమతి కావలసినను లేకున్నను, అది నేడో రేపో అతని చేతికి వచ్చును. దానికి ముందే ఈ పాఠము అతనికి అందవలయును.